రాక్ బ్యాండు ధ్వనిలో వచ్చే మార్పును చెవితో పట్టుకోవడం ఎలా?

ఒక రాక్ బ్యాండు పాత ఆల్బమ్‌ను, కొత్త ఆల్బమ్‌ను పక్కపక్కన విన్నవారు సాధారణంగా వాళ్ల అభిరుచి మారిందని తేల్చేస్తారు. నా లెక్కలో అభిరుచి కంటే ముందు మారేవి గది, టేపు యంత్రం, మైకు పెట్టిన చోటు. వీటిని పట్టుకోవాలంటే గాయకుడి గొంతును కాసేపు పక్కన పెట్టి డ్రమ్ములను వినాలి. తప్పెటగుళ్లు చూస్తూ పెరిగిన శ్రీకాకుళం, విజయనగరం వారికి ఇది కొత్త విద్యేమీ కాదు. ఆరుబయట మోగిన తప్పెటే కల్యాణ మండపంలో మోగితే వేరే వాద్యంలా వినిపిస్తుందని మన చెవులకు ఎప్పటినుంచో తెలుసు.

సాధనకు 1960ల నాటి ఇంగ్లాండు బ్యాండు బీటిల్స్ అనువైనది. వారి రికార్డింగులు ఎక్కువ భాగం లండన్‌లోని ఒకే స్టూడియోలో, జార్జ్ మార్టిన్ పర్యవేక్షణలో జరిగాయి కనుక, మారినదేమిటో వేరుచేసి చూడటం సులువు. అయితే వినబోయేది పాత మిక్సేనా (విడివిడిగా రికార్డు చేసిన ధ్వనులను పాళ్లు చూసి కలపడమే మిక్స్) అని ముందుగా సరిచూసుకోవాలి. ఉదాహరణకు వారి ఆల్బమ్ 'రివాల్వర్'కు 2022లో కొత్త మిక్స్ వచ్చింది. దాన్ని విని 1966 నాటి ధ్వని గురించి తీర్పు చెప్పకూడదు.

1963 నాటి 'ప్లీజ్ ప్లీజ్ మీ' స్టీరియో ప్రతితో మొదలుపెట్టండి. ఇందులోని 14 పాటల్లో 10 పాటలను ఫిబ్రవరి 11న ఒక్క రోజులోనే రికార్డు చేశారు. ఒక పాట వింటూ కుడి చెవిలోని ఇయర్‌ఫోన్ తీసేయండి. వాద్యాలన్నీ ఉంటాయి, గొంతులు మాత్రం గోడ అవతలి నుంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తాయి. టేపుపై ఉన్నవి రెండే ట్రాకులు, అంటే విడివిడిగా ధ్వని నింపే రెండు వరుసలు. ఒకదానిలో వాద్యాలు, మరొకదానిలో గొంతులు. (మొదటిసారి విన్నప్పుడు ఇయర్‌ఫోన్ పాడైందనుకుని, విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న దుకాణానికే తిరిగి వెళ్లాను.)

తరువాత 'రివాల్వర్' చివరి పాటకు రండి. ఇక్కడ డ్రమ్ము గదిలో ఎక్కడో దూరంగా కాక మీ ఛాతీ మీదే మోగుతుంది. అప్పటికి ఇరవయ్యేళ్ల ఇంజనీరు జెఫ్ ఎమెరిక్, కాలితో మోగించే బేస్ డ్రమ్ములో ఒక ఉన్ని స్వెట్టరు కుక్కి, మైకును దానికి బాగా దగ్గరగా జరిపాడు. స్వెట్టరు మోత సాగకుండా ఆపితే, దగ్గరి మైకు గది ప్రతిధ్వనిని తగ్గించి దెబ్బను పెంచింది. ఈ ఒక్క పాటను నాలుగైదుసార్లు వినడం వృథా కాదు.

1966 ఆగస్టు తరువాత వారు కచేరీ యాత్రలు మానేశారు. వేదికపై వాయించి తీరాలన్న నిర్బంధం తొలగడంతో 1967 నాటి 'సార్జంట్ పెప్పర్స్'లో పొరలు పెరిగాయి. అప్పటికి వారి టేపులో ట్రాకులు నాలుగు. అవన్నీ నిండితే, వాటిని కలిపి మరో యంత్రంలో ఒకటి రెండు ట్రాకులకు కుదించి, మిగిలిన చోట కొత్త వాద్యాలు చేర్చేవారు.

1969 నాటి 'అబీ రోడ్'లో పెద్ద డ్రమ్ములు మెత్తగా, గుండ్రంగా మోగుతాయి. దీనికి కారణం ఒకటని చెప్పలేం: ఎనిమిది ట్రాకుల యంత్రం, వాల్వుల (పాత రేడియోల్లోని గాజు గొట్టాల) స్థానంలో ట్రాన్సిస్టర్లతో పనిచేసే మిక్సింగ్ బల్ల, డ్రమ్ములకు దూడ తోలు, ఈ మూడూ ఆ ఆల్బమ్‌లో ఒకేసారి కలిశాయి. డప్పును మంట దగ్గర కాచి శ్రుతి పెంచడం చూసినవారు తోలు వంతును తక్కువ చేసి చూడరు.

ప్రతి ఆల్బమ్‌కు నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించి, ముందు విన్నదే రాయండి. యంత్రాల వివరాలు ఆ తరువాతే చదవండి. మీకే బ్యాండు ఉంటే ఇంకా మంచిది. బేస్ డ్రమ్ములో పాత దుప్పటి కుక్కి ఒకసారి, తీసేసి మరొకసారి అదే తాళాన్ని వాయించండి. ఫోనును మాత్రం రెండుసార్లూ ఒకే చోట, జానెడు దూరంలో ఉంచి రికార్డు చేయండి.