అమెరికాలో రెండో ఉద్యోగంలో చేరుతున్నారా, ఇంట్లో ఇంకొకరిది సొంత పనా? ముందే చూసుకోవాల్సిన ట్యాక్స్ జాగ్రత్తలు

రెండో ఉద్యోగం ఆఫర్ రాగానే గంటకెంత, టైమింగ్స్ ఏంటి అని చూసుకుంటాం గానీ, చేరిన రోజు ఇచ్చే డబ్ల్యూ-4 ఫారం (జీతంలోంచి ఎంత ట్యాక్స్ పట్టుకోవాలో కంపెనీకి చెప్పేది) మాత్రం పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చేస్తాం. చిక్కు అక్కడే. అందులోనూ భార్యో భర్తో 1099 మీద (ట్యాక్స్ పట్టుకోకుండా డబ్బిచ్చే కాంట్రాక్టు పద్ధతిలో) కన్సల్టింగో, ఇంటి నుంచి కేటరింగో చేస్తుంటే ఏప్రిల్‌లో బిల్లు గట్టిగానే పడుతుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ట్యాక్స్ కంటే ముందు ఇంకో మాట: రెండో కంపెనీ మీ కోసం విడిగా పిటిషన్ వేయకుండా ఒక్క గంట కూడా పని చేయకండి.

ప్రతి కంపెనీ తానిచ్చే జీతం ఒక్కటే ఇంటికి వస్తోందనుకుని ట్యాక్స్ పట్టుకుంటుంది. మొదటి ఉద్యోగంలో ఏడాదికి లక్షా పదివేల డాలర్లు, రెండో దాంట్లో 30,000, సొంత పనిలో ఖర్చులు పోగా 40,000 అనుకుందాం. 2026లో జాయింట్‌గా ఫైల్ చేసేవాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ లెక్కకి ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 32,200 డాలర్లు కాబట్టి రెండో కంపెనీ లెక్కలో మీకు ట్యాక్సే లేదు. పే స్టబ్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కట్ అయినట్టు కనిపిస్తాయి, అది చూసి ట్యాక్స్ పోతోందిలే అనుకుంటాం, కానీ ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర సున్నా ఉంటుంది. నిజానికి మూడూ కలిస్తే మీరు 22 శాతం శ్లాబులోకి వస్తారు కాబట్టి ఆ 30,000 మీద 22 శాతం, అంటే 6,600 కట్టాలి. సొంత పని మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సే (సొంత పని వాళ్ళు కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్) సుమారు 5,650, ఇన్‌కమ్ ట్యాక్స్ దానికి అదనం.

డబ్ల్యూ-4 రెండో స్టెప్‌లో ఒక గడి ఉంటుంది, టిక్ పెడితే చాలని చాలామంది చెబుతారు. రెండు జీతాలు ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే అది సరిపోతుంది, పైగా సొంత పని ఆదాయం దానికి తెలియదు. మీలాంటి ఇంటికి ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) సైట్‌లోని విత్‌హోల్డింగ్ ఎస్టిమేటరే దారి. అది చెప్పిన అదనపు మొత్తాన్ని 4(సి) లైన్‌లో రాయండి.

నాకు బాగా నచ్చేది ఈ 4(సి)నే, ఎందుకంటే జీతంలో పట్టుకున్నది ఎప్పుడు పట్టుకున్నా ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే లెక్కేస్తారు. సొంత పని వాళ్ళు ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15 గడువుల్లో విడిగా కట్టాలి, ఒకటి తప్పితే పెనాల్టీ, కానీ అక్టోబర్‌లో తేరుకుని మీ జీతంలో కోత పెంచుకుంటే ఆ లోటు పూడిపోతుంది. పోయిన ఏడాది మొత్తం ట్యాక్స్‌కి సమానంగా కట్టేస్తే, పోయిన ఏడాది ఏజీఐ (కొన్ని సర్దుబాట్లు పోగా మిగిలే మొత్తం ఆదాయం) లక్షా యాభై వేలు దాటిన ఇంటికైతే 110 శాతం, పెనాల్టీ ఉండదు. మిగతాది ఏప్రిల్ 15 లోపు కట్టాల్సిందే.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయం చాలామందికి తట్టదు. సొంత పని చేసేవాళ్ళు తమ ప్రీమియంని డిడక్షన్‌గా చూపిస్తుంటారు కదా, మీ కొత్త కంపెనీ తన వాటా వేసి ఇచ్చే ప్లాన్‌లో వాళ్ళని కూడా చేర్చుకునే వీలుంటే, మీరు తీసుకోకపోయినా సరే, ఆ నెలలకి ఆ డిడక్షన్ పోతుంది. చేరేముందే హెచ్‌ఆర్‌ని అడగండి.

రెండు చోట్లా 401(కె) (జీతంలోంచి దాచుకునే రిటైర్‌మెంట్ ఖాతా) ఉంటే 2026 పరిమితి 24,500 మీ రెండు ఉద్యోగాలకీ కలిపి (50 దాటినవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ), ఒక కంపెనీలో వేసింది రెండో దానికి తెలియదు. ఎక్కువ పడితే వచ్చే ఏప్రిల్ 15 లోపు వెనక్కి తీయించుకోండి, లేదంటే ఆ డబ్బు మీద రెండుసార్లు ట్యాక్స్ పడుతుంది.