తేలినీలాపురంలో గూళ్లు చెదరకుండా పక్షుల్ని చూడాలంటే

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) వచ్చేది గూళ్లు కట్టి పిల్లల్ని లేపడానికే. డిసెంబరు, జనవరి మంచి అదను. తెల్లారగానే వెళ్లి, సూర్యుణ్ని వీపు వైపు ఉంచుకోండి. 8 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్స్ చాలు. ముక్కు కింద సంచి, పైముక్కు అంచున వరసగా చుక్కలుంటే గూడబాతు. పసుపు ముక్కు, కొస కిందికి వంగి ఉంటే ఎర్రకాళ్ల కొంగ.

గూళ్లున్న చెట్ల కిందికి మాత్రం పోవద్దు. పెద్ద పక్షి బెదిరి లేచిందంటే గుడ్లు కాకుల పాలే. ఈకలు రాని పిల్ల ఎండకు సొమ్మసిల్లిపోతుంది. కూర్చున్న పక్షి మెడ నిక్కించి మీ వైపే చూస్తుంటే వెంటనే వెనక్కి తగ్గండి. చప్పట్లు, డ్రోన్లు అసలే వద్దు.

పిల్ల కిందపడితే నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అటవీ సిబ్బందికి చెప్పండి.