జానపద సంగీత పురస్కార సభకు అతిథిగా వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్ రవీంద్రభారతిలోనో, మరో వేదికపైనో జరిగే సభకు పిలుపు అందితే, సమయం, ప్రవేశ పాస్, కూర్చోవలసిన వరుస వంటి వివరాలు నిర్వాహకులను ముందురోజే అడిగి తెలుసుకోవాలి.

వేదికపై మాట్లాడవలసి వస్తే, పురస్కార గ్రహీత పేరు, ఊరు, వాయిద్యం పేరు కాగితంపై తప్పు లేకుండా రాసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. 2022లో పద్మశ్రీకి ఎంపికైన దర్శనం మొగిలయ్యది 12 మెట్ల కిన్నెర, 2024లో ఎంపికైన దాసరి కొండప్పది బుర్రవీణ. రెండూ బుర్రలున్న తంత్రీవాద్యాలే కదా అని ఒకదాని పేరు మరొకదానికి చెప్పడం ఆ కళాకారుడి జీవితకాల సాధనను చిన్నబుచ్చడమే అవుతుంది.

అనుమతి లేనిదే వాయిద్యాన్ని ముట్టుకోకూడదు, ఎందుకంటే కిన్నెరకు అమర్చిన ఎండు సొరబుర్ర చిన్న దెబ్బకే పగలవచ్చు. ఆరుబయట డప్పులను సెగకు కాచే చోట చీర కొంగు, పంచె అంచు మంటకు దూరంగా ఉంచుకోవాలి. వీడియో తీయాలన్నా, ముఖ్యంగా దాన్ని పదిమందికీ పంపాలన్నా, పాడినవారి అనుమతి తీసుకోవాలి.

ప్రసంగం క్లుప్తంగా ముగించాలి. అతిథులు మాట్లాడే ప్రతి అదనపు నిమిషమూ దూరప్రాంతాల నుంచి వచ్చిన కళాకారుల పాటలోంచే తగ్గుతుంది. శాలువా కప్పించుకోగానే లేచి వెళ్లిపోకుండా, చివరి బృందం పాడేదాకా ఉండేలా తిరుగు ప్రయాణం ఏర్పాటు చేసుకోవాలి.