వైటెనింగ్ తర్వాత పళ్లు మచ్చలు మచ్చలుగా కనిపిస్తున్నాయా? ముందు ఇవి చూసుకోండి

వైటెనింగ్ చేయించుకున్నాక రంగు సమంగా రాలేదని మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి జెల్ వల్ల వచ్చిన ఇబ్బంది ఏమీ ఉండదు. మొదలుపెట్టే ముందు ఆ పళ్లను ఎవరూ సరిగ్గా చూడకపోవడం వల్లే సమస్య. సరిగ్గా చూడటం అంటే పెదవి పైకి ఎత్తి, పన్ను మీదున్న ఉమ్మిని దూదితో తుడిచి, రెండు నిమిషాలు ఆరనిచ్చి, కిటికీ వెలుతురులో చూడటం. అంతకంటే ఏమీ లేదు. ట్రేలో, అంటే పళ్లకి తొడిగే అచ్చులో, జెల్ ఎంత వేయాలి, చిగుళ్ల మీద పడితే ఎలా తుడవాలి లాంటివి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

ఇంకో మాట. చేయించుకున్న రోజునా, మర్నాడూ రంగు గురించి ఏ నిర్ణయానికీ రావద్దు. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

ఒకటో రెండో పళ్లు పాత రంగులోనే ఉండిపోయాయి

అవి సొంత పళ్లేనా, వాటి మీద సిమెంటో క్యాపో ఉందా అన్నది మొదట తేల్చుకోండి. జెల్‌లో తెల్లబరిచే మందు, పెరాక్సైడ్, పని చేసేది సహజమైన పన్ను మీదే. ముందు పళ్లలో పెట్టే పంటిరంగు సిమెంట్, అంటే కాంపోజిట్, దానికి మారదు. పింగాణీ క్యాపు అసలే మారదు. ఎప్పుడో పదేళ్ల కింద రెండు పళ్ల మధ్య పిప్పి తీసి నింపిన చోటు అప్పటి పంటి రంగుకి సరిగ్గా కలిసిపోయి ఉంటుంది, పెట్టించుకున్నవాళ్లకే గుర్తుండదు. చుట్టూ తెల్లబడ్డాక అది పసుపు పచ్చగా బయటపడుతుంది. పన్ను ఆరబెట్టి చూస్తే దాని అంచు కనబడుతుంది, గోరుతో మెల్లగా గీరితే చాలాసార్లు చేతికే తెలుస్తుంది.

పరిష్కారం ఆ పాత సిమెంట్ తీసి కొత్త రంగుకి సరిపోయేది పెట్టించుకోవడం. కానీ వైటెనింగ్ అయిన రెండు వారాల తర్వాతే. పంటిలో మిగిలిపోయిన ఆక్సిజన్ వల్ల కాంపోజిట్ గట్టిగా అతుక్కోదు, పైగా పంటి రంగు కూడా ఆ రెండు వారాల్లోనే ఒక స్థిరానికి వస్తుంది. తొందరపడి మూడో రోజే పెట్టించుకుంటే అది ఊడొచ్చు, లేదా రంగు తేడా రావచ్చు. క్యాపు వేయించుకోవాలనుకునేవాళ్లు కూడా ముందు వైటెనింగ్, తర్వాత క్యాపు అన్న వరస పాటించాలి.

సిమెంట్ ఏమీ లేకుండా ఒక్క పన్ను మాత్రం బూడిద రంగులోనో గోధుమ రంగులోనో ఉంటే అది వేరే కథ. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి దెబ్బ తగిలిన పంటిలో నరం నొప్పి లేకుండానే చచ్చిపోయి ఉండొచ్చు. దానికి ఎక్స్‌రే తీయించండి. రూట్ కెనాల్ చేసి, పంటి లోపలి నుంచి బ్లీచ్ చేస్తారు. పైనుంచి ఎంత జెల్ పూసినా మిగతా పళ్లు ఇంకా తెల్లబడి ఆ పన్ను ఇంకా నల్లగా కనబడుతుంది తప్ప లాభం లేదు.

కోరపళ్లు పచ్చగా, చిగురు దగ్గర పచ్చగా

కోరపళ్లు పుట్టుకతోనే కాస్త ముదురు రంగు. ట్రేలో మిగతా పళ్లకి ఆపేసి, కోరపళ్ల గుంటల్లో మాత్రమే ఇంకొన్ని రాత్రులు జెల్ పెట్టుకుంటే దగ్గరికొస్తాయి. చిగురు పక్కన పంటి పై పొర, ఎనామిల్, పల్చగా ఉండి దాని కింది పసుపు పొర, డెంటిన్, రంగు కనబడుతుంది కాబట్టి అక్కడ కొంత పసుపు ఉండటం మామూలే. చిగురు కిందికి దిగి వేరు బయటపడితే మాత్రం ఆ భాగం తెల్లబడదు. అక్కడ జెల్ రుద్దితే జివ్వుమని లాగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి మచ్చలు, చారలు

చాలామంది భయపడేది దీనికే, తప్పు దారి పట్టేదీ ఇక్కడే.

చూడటానికి ఒకేలా ఉండే ఈ మచ్చల వెనక ఎక్కువగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది పన్ను ఆరిపోవడం. కుర్చీలో గంటసేపు పెదాలు లాగిపెట్టి, నోరు తెరిపించి, ఉమ్మి పీల్చేస్తూ, పైన లైటు పెడతారు. జెల్ కూడా పంటిలోని తడిని లాగుతుంది. అలా ఆరిన పన్ను అసలు రంగు కంటే తెల్లగా, అక్కడక్కడ మరీ తెల్లగా కనబడుతుంది. ఉమ్మి మళ్లీ ఇంకాక ఒకటి రెండు రోజుల్లో అది తగ్గిపోతుంది. ఆ రోజు అద్దంలో చూసి మురిసిపోయిన తెలుపులో కొంత కూడా దాంతోపాటే పోతుంది, అందుకే మొదటి రోజు ఫొటోలని నమ్మవద్దంటాను.

రెండోది చిన్నప్పుడు తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్. అసలు దొంగ ఇది. అది ఎక్కువై పళ్లకి వచ్చే తేడానే ఫ్లోరోసిస్, ఆ పేరు అనగానే గోధుమ రంగు గార పట్టిన పళ్లే గుర్తొస్తాయి. కానీ తేలికపాటి ఫ్లోరోసిస్ అలా ఉండదు, మామూలుగా మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు కనబడనే కనబడదు. ఎనామిల్ పై పొర కింద కంటికి కనబడనంత సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటిలో ఉమ్మి నిండి ఉన్నంతసేపు వెలుతురు సాఫీగా వెళ్లిపోతుంది. ఆరిపోయి గాలి చేరితే చెదిరిపోయి తెల్లగా కనబడుతుంది. లెక్కల్లో చెప్పాలంటే వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం ఎనామిల్‌ది సుమారు 1.62, నీటిది 1.33, గాలిది 1. ఎనామిల్‌కీ రంధ్రాల్లో ఉన్నదానికీ తేడా ఎంత పెరిగితే మచ్చ అంత తెల్లన. గోడకి సున్నం కొట్టినప్పుడు తడి మీద ఏమీ కనబడక, ఆరేకొద్దీ తెలుపు తేలినట్టే ఇది కూడా. వైటెనింగ్ ఆ పళ్లను ఆరబెడుతుంది, దాంతో ఇరవై ఏళ్లుగా దాగి ఉన్న మచ్చలు ఒక్క గంటలో బయటపడతాయి. మచ్చలు జెల్ వల్లే వచ్చాయని జనం అనుకుంటారు. అవి ముందునుంచీ ఉన్నవే.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలలో పెళ్లి. వేరే చోట వైటెనింగ్ చేయించుకుంది. సాయంత్రానికి మధ్య పళ్లు రెండింటి మీద అడ్డంగా తెల్లటి చారలు, మబ్బు తునకల్లా అంచులు చెదిరి ఉన్నాయి. సరిగ్గా తెల్లబడలేదేమోనని మర్నాడే ఆన్‌లైన్‌లో జెల్ తెప్పించుకుని వరసగా పూసింది. చారలు ఇంకా తేలాయి, చల్లటి నీళ్లు తాగలేనంతగా జివ్వుమనడం మొదలైంది. నా దగ్గరికి వచ్చాక అడిగిన మొదటి ప్రశ్న ఇది: ఐదేళ్లలోపు ఏ ఊళ్లో పెరిగావమ్మా, ఏ నీళ్లు తాగారు? ఊళ్లో బోరు నీళ్లే అంది. అప్పటికి నేను ఆమెతో చేయించింది అన్నీ ఆపేయడం, అంతే. రెండు వారాలు గడిచేసరికి సగం చారలు కలిసిపోయాయి.

ఆ ప్రశ్న ఎందుకంటే ముందు పళ్ల ఎనామిల్ దాదాపు నాలుగైదేళ్లకల్లా తయారైపోతుంది. ఇప్పుడు మీరు తాగేది భగీరథ నీళ్లా, క్యాన్ నీళ్లా అన్నది పంటికి అనవసరం. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, పొదిలి వైపు, అనంతపురం పల్లెల్లో పెరిగినవాళ్లైతే అడగకుండా వైటెనింగ్ మొదలుపెట్టకూడదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలిసారి నమోదైంది కూడా 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదని, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 వరకు పర్వాలేదని మన ప్రమాణం. చిన్నప్పుడు అంతకు మించి తాగినవాళ్లు అమెరికాలో స్థిరపడి అక్కడి స్ట్రిప్పులు, అంటే పళ్లకి అంటించే జెల్ పట్టీలు, వాడినా పన్ను అదే, చారలు అవే.

ఇప్పుడు పరిష్కారం. ముందు 48 గంటలు ఏమీ చేయకండి. మామూలుగా తినండి, నీళ్లు బాగా తాగండి, టీ, కాఫీ, పసుపు ఎక్కువ పడిన కూరలు ఆ రెండు రోజులు తగ్గించండి. మూడో రోజు నోరు తడిగా ఉన్నప్పుడే అద్దంలో చూసుకోండి. మచ్చలు పోతే అది ఒట్టి ఆరుదల, కథ అక్కడితో అయిపోయింది. ఇంకా ఉంటే ఫ్లోరైడ్ మచ్చలు కావచ్చనుకుని, రెండు వారాల వరకు ఆగి అప్పుడు డాక్టర్‌కి చూపించండి. తేలికపాటివైతే ఘాటు జెల్ జోలికి పోకుండా ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో రాత్రిళ్లు నెమ్మదిగా కొనసాగిస్తే చుట్టూ ఉన్న పన్ను తెల్లబడి మచ్చ దాంట్లో కలిసిపోతుంది. ఆ 10 శాతం అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ లెక్కన మూడున్నర శాతమే, క్లినిక్‌లో వాడే 35, 40 శాతంతో పోలిస్తే చాలా మెత్తన. జివ్వుమంటుంటే మాత్రం ముందు అది తగ్గాలి.

అప్పటికీ మిగిలిన మచ్చలకి రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అని ఉంది. పై పొరని యాసిడ్‌తో కాస్త తెరిచి, నీళ్లలాంటి పల్చటి ప్లాస్టిక్ ద్రవాన్ని, అంటే రెజిన్‌ని, ఆ రంధ్రాల్లోకి ఇంకనిస్తారు. దాని గుణకం 1.52 దాకా ఉంటుంది, ఎనామిల్‌కి దగ్గర, కాబట్టి మచ్చ మాయమవుతుంది. డ్రిల్లింగ్ ఉండదు. గోధుమ రంగు పైపై మచ్చలైతే పై పొరని సన్నగా అరగదీసే మైక్రో అబ్రేషన్ బాగా పనిచేస్తుంది. గుంటలు పడిన పళ్లకి ఇవేవీ చాలవు, అక్కడ కాంపోజిటో, పంటి ముందు అంటించే పల్చటి పెంకు లాంటి వెనీరో వేయాలి. రెజిన్ పని కూడా వైటెనింగ్ ఆపిన రెండు వారాల తర్వాతే.

పళ్ల మధ్య సందుల్లో, వంకర ఉన్న చోట ముదురుగా

జెల్ అక్కడ తగల్లేదు. స్ట్రిప్పు ముందుకు పొడుచుకొచ్చిన భాగానికే అంటుకుంటుంది, పన్ను మీద పన్ను ఎక్కిన చోట లోపలికి చేరదు. వంకర పళ్లవాళ్లు స్ట్రిప్పులు మానేసి కొలత తీసి చేసిన ట్రే వాడాలి. గార ఉన్నా ఇంతే, దాని కింద పన్నుకి జెల్ అందదు. వైటెనింగ్‌కి ఓ వారం ముందు క్లీనింగ్ చేయించుకోండి. ఇంకోటి, చిగుళ్లకని ఇచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ని చెప్పిన రోజులకి మించి నెలల తరబడి పుక్కిలించేవాళ్లు ఉన్నారు, ఆ గోధుమ మరకలు దానివే. క్లీనింగ్‌తో పోతాయి.

నిమ్మరసం, వంటసోడా, బొగ్గుపొడి వాడుతున్నవాళ్లు ఇవాళే ఆపండి. నిమ్మరసం ఎనామిల్‌ని కరిగిస్తుంది, బొగ్గుపొడి అరగదీస్తుంది, పల్చబడిన ఎనామిల్ కింద నుంచి పసుపు డెంటిన్ కనబడుతుంది. పోయిన ఎనామిల్ తిరిగి రాదు.

చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందుల వల్ల వచ్చిన బూడిద పట్టీలు, పుట్టుకతో ఎనామిల్ లోపాలు లాంటివి అరుదు. వాటికి నెలల తరబడి ట్రే వాడాలి, లేదా వెనీర్లు. ఇంట్లో తేల్చుకునేవి కావు.

పెళ్లి ఉందంటే

రెండు నెలల ముందు రండి. క్లీనింగ్, ఆరబెట్టి చూసి ఫొటో తీయడం, ఓ వారం గ్యాప్, తర్వాత ట్రేతో రెండు మూడు వారాలు, మళ్లీ రెండు వారాలు ఆగి సిమెంట్లు మార్చడం, మచ్చలకి రెజిన్. వరస ఇదే, ఇందులో ఏదీ కుదించలేం. పెళ్లికి వారం ఉందనగా వస్తే క్లీనింగ్ చేసి పంపిస్తాను, వైటెనింగ్ మాత్రం చేయను.