వరంగల్, వరంగల్ సమానం కాదంటున్న ప్రోగ్రామ్: సమస్య - పరిష్కారం

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ మిర్చి రేట్లో, మండలాల పేర్లో తీసుకుని పైథాన్‌లో ప్రోగ్రామ్ రాసేవాళ్లకి ఈ లొల్లి ఏదో ఒక రోజు తగులుతుంది. ఎవరినైనా అడిగితే "పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోరాదు, అయిపోతుంది" అంటారు. అట్లా చేయకండి. తెలుగు బాగానే పనిచేస్తుంది, ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవాలి, అంతే.

సమస్య: రెండు పేర్లూ కళ్ల ముందు ఒకే తీరు ఉన్నాయి, ప్రోగ్రామేమో సమానం కాదంటుంది. వరంగల్ అని వెతికితే సగం వరుసలే వస్తాయి.

కారణం: ఈ రెండూ చూడండి: వరంగల్, వర౦గల్. మొదటిదాంట్లో ఉన్నది అక్షరం పక్కన పెట్టే సున్న, రెండోదాంట్లో ఉన్నది తెలుగు అంకె సున్న. చాలా ఫాంట్లలో మన కంటికి తేడా దొరకదు కానీ యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ కంప్యూటర్ వాడే నంబరు పట్టికలో) మొదటిది 3074, రెండోది 3174. స్క్రీన్ వంక ఎంతసేపు చూసినా లాభం లేదు, టెన్షన్ తప్ప. ఒక్కో అక్షరాన్నీ ఆర్డ్ (ord) ఫంక్షన్‌కి ఇచ్చి నంబర్లు ప్రింట్ చేయండి, దొంగ వెంటనే దొరుకుతాడు.

పరిష్కారం: తెలుగు అక్షరాల మధ్య 3174 కనిపిస్తే 3074గా మార్చండి. ఫైల్ మొత్తం గుడ్డిగా మార్చేస్తే మాత్రం ౧౦ లాంటి అంకెలు కూడా పాడవుతాయి, జాగ్రత్త. నార్మలైజ్ చేస్తే, అంటే ఒకే అక్షరం వేర్వేరు తీర్లలో ఉంటే ఒకే రూపానికి తెచ్చే ఫంక్షన్ వాడితే, పోతుందనుకుంటారు చాలామంది, ఆ ఫంక్షన్ ఈ సున్నని ముట్టుకోదు.

నంబర్లన్నీ సరిగ్గానే ఉండి చివర 8204 అని ఒకటి ఎక్కువ వచ్చిందా? అది కంటికి కనపడని అక్షరం, పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి. వరంగల్ పొడవు 6 రావాలి (వ, ర, సున్న, గ, ల, పొల్లు), 7 వస్తే ఇదే అని అనుమానించండి. చివర్లలో ఖాళీలు తీసేసే స్ట్రిప్ (strip) ఫంక్షన్‌తో పోదు, ఎందుకంటే అది ఖాళీ జాగా కింద లెక్కకు రాదు. రీప్లేస్ (replace) ఫంక్షన్ వాడి తీసేయండి. హసన్‌పర్తి లాంటి పేర్ల మధ్యలో అది కావాలి కాబట్టి చూపించే పేరు అలాగే ఉంచి, పోల్చే కాపీలోంచి మాత్రమే తీసేస్తే మేలు.

ఎక్సెల్‌లో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టేబుల్ ఫైల్) తెరవగానే పిచ్చి గీతలు వస్తే కంగారు పడకండి, డేటా పోలేదు. యూటీఎఫ్-8లో ఉన్న ఫైల్‌ని ఎక్సెల్ వేరే ఎన్‌కోడింగ్ (అక్షరాలని ఫైల్‌లో దాచే పద్ధతి) అనుకుంటోంది. పైథాన్‌లో ఫైల్ రాసేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) అని ఇవ్వండి. విండోస్‌లో ఫైల్ రాస్తుంటే చార్‌మ్యాప్ ఎర్రర్ వస్తే ఓపెన్ (open) ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్ ఇవ్వలేదన్నమాట.

ఇవన్నీ సరిచేశాక కూడా జిల్లాల లెక్క కుదరకపోతే తప్పు కోడ్‌లో వెతకకండి. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే పేరు ఒకటే, జిల్లా వేరు! అర్బన్ ఉన్నచోటల్లా హనుమకొండ అని మార్చేస్తే సరిపోదు, అర్బన్‌లో ఉన్న వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఇప్పుడు వరంగల్ జిల్లాలోకి వచ్చాయి. మండలం పేరు, ఏ సంవత్సరం డేటా అన్నది రెండూ పట్టుకుని జిల్లా తేల్చే పట్టిక ఒకటి రాసుకోండి, ఆ తర్వాతే టేబుళ్లు కలపండి.