ఇంగ్లండ్‌లో మీవాడు యంగ్ అఫెండర్ (కుర్ర నేరస్తుల) జైల్లో ఉంటే మీరు చేయాల్సిన పనులు

ముందు వాడి ప్రిజనర్ నంబర్, వింగ్ (జైల్లో వాడుండే విభాగం) పేరు రాసి పెట్టుకోండి. నంబర్ లేకపోతే విజిట్ కూడా బుక్ కాదు. ఆ తర్వాత అడగాల్సింది తిండి గురించి కాదు, సెల్‌లో వాడితో పాటు ఎవరుంటున్నారని.

ఎందుకంటే జాహిద్ ముబారక్ కేసు ఉంది. ఆరు పౌండ్ల రేజర్ బ్లేడ్ల దొంగతనం, ఇంకో చిన్న నేరం కలిపి 90 రోజుల శిక్ష పడ్డ 19 ఏళ్ల కుర్రాడు. 2000 మార్చి 21న లండన్ ఫెల్తామ్ జైల్లో, ఇక కొన్ని గంటల్లో విడుదలవుతాడనగా, సెల్‌మేట్ బల్ల కాలితో తల మీద కొట్టాడు, వారానికి ఆ కుర్రాడు చనిపోయాడు. కొట్టినవాడు జాతి ద్వేషంతో రాసిన ఉత్తరాలు జైలు సిబ్బంది కంట పడ్డాయి కూడా, అయినా ఇద్దరినీ ఒకే సెల్‌లో ఉంచారు. కుటుంబం కోర్టుల్లో పోరాడితేనే బహిరంగ విచారణ జరిగింది, 2006లో వచ్చిన నివేదిక 186 లోపాలు లెక్కపెట్టింది.

ఇప్పుడు సెల్ పంచుకునే ముందు రిస్క్ అసెస్‌మెంట్, అంటే ఒకరి వల్ల ఇంకొకరికి ప్రమాదం ఉందేమోనని అంచనా, చేస్తారు. సెల్‌మేట్ వివరాలు మీకు చెప్పరు, కానీ మీరు చెప్పింది జైలువాళ్లు వినాలి. మీవాడికి బెదిరింపులు వస్తుంటే జైలుకి ఫోన్ చేసి ఖైదీల భద్రత చూసే సేఫర్ కస్టడీ టీమ్‌ని అడగండి, రిస్క్ అసెస్‌మెంట్ మళ్లీ చేయమనండి, అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి. ఫోన్‌లో చెప్పింది ఎవరూ రాసుకోకపోతే చెప్పనట్టే లెక్క.

వాడిని "నిన్నెవరైనా కొట్టారా నాన్నా?" అని ఫోన్‌లో అడగొద్దు. ఆ కాల్స్ రికార్డవుతాయి, పక్కనే ఎవడో నిలబడి వింటుంటాడు కూడా. కొట్టడం మాట ఎత్తకుండా, అవును, కాదు అని చెప్పగలిగేలా అడగండి, మిగతాది విజిట్‌లో మాట్లాడుకోండి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనే ధీమా అసలే వద్దు.

గొడవలన్నీ రంగు మీదే రావు, చాలావాటికి మూలం అప్పు. ఒక వేప్ (ఈ-సిగరెట్) తీసుకుంటే రెండు తిరిగివ్వాలి, దీన్నే అక్కడ 'డబుల్ బబుల్' అంటారు. ఇవ్వలేకపోతే దెబ్బలు. ముక్కూమొహం తెలియని ఎవరి అకౌంట్‌కో డబ్బు వేయమని మీవాడు అడిగాడంటే అప్పులో ఇరుక్కున్నాడని అనుమానించండి, డబ్బు వేయకుండా ముందు జైలుకి చెప్పండి. ఇక లండన్ కుర్రాళ్లయితే బయటి పోస్ట్‌కోడ్ గొడవల్ని, అంటే ఏరియా గ్యాంగుల తగాదాల్ని, లోపలికి మోసుకొస్తారు, అదో తలనొప్పి.

జాతి పేరుతో తిడితే, మనవాడిది గుంటూరా లాహోరా అని చూడరు, 'పాకీ' (పాకిస్తానీ అనే అర్థంలో తిట్టు) అనేస్తారు. అందరూ అంటారని కాదు, రకరకాల వాళ్లు కలిసి ఉండే వింగులూ ఉన్నాయి. అన్నప్పుడు మాత్రం వదలకండి. డి.ఐ.ఆర్.ఎఫ్. అనే వివక్ష ఫిర్యాదు ఫారం వింగ్‌లో దొరుకుతుంది, విజిటర్లు కూడా వేయొచ్చు. తేదీ, టైమ్, ఏ వింగ్‌లో, అన్న మాట అన్నట్టుగానే, చూసిన ఆఫీసర్ ఉంటే పేరు, అన్నీ రాయించండి. 'రేసిజం జరుగుతోంది' అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు.

జవాబు రాకపోతే మామూలు కంప్లైంట్, ఆ తర్వాత అప్పీల్. పక్కనే జైలుని బయటినుంచి గమనించే ఇండిపెండెంట్ మానిటరింగ్ బోర్డు కూడా ఉంటుంది, దానికి మీవాడే నేరుగా రాసుకోవచ్చు. అప్పీల్ జవాబూ నచ్చకపోతే మూడు నెలల్లోగా ప్రిజన్స్ అండ్ ప్రొబేషన్ అంబుడ్స్‌మన్‌కి, అంటే ఖైదీల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారికి, వెళ్లాలి. అక్కడికి పంపేది వాడే, కాబట్టి ప్రతి జవాబు కాగితాన్నీ దాచమని మొదటి విజిట్‌లోనే చెప్పండి.