పీహెచ్‌డీ గైడ్ మీద ఐసీసీకి ఫిర్యాదు ఇవ్వాలంటే

యూనివర్సిటీలో లైంగిక వేధింపుల ఫిర్యాదు ఎంత నిజమైనా రెండు చోట్ల దెబ్బతింటుంది. గడువు దాటిపోవడం ఒకటి, కాగితం అందాల్సిన చేతికి అందకపోవడం రెండోది.

యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి. వేధింపు పదేపదే జరుగుతుంటే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం చూపిస్తే కమిటీ మరో మూడు నెలల వరకు పెంచవచ్చు. పీహెచ్‌డీ విద్యార్థులు ఇరుక్కునేది ఇక్కడే. సినాప్సిస్ (థీసిస్ సారాంశం) అయ్యాక ఇద్దాంలే, వైవా గడిచాక చూద్దాంలే అనుకుంటుండగానే ఆరు నెలలూ అయిపోతాయి.

ఇవ్వాల్సింది ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీకి, అంటే ఐసీసీకి. హెచ్ఓడీకి, అంటే విభాగాధిపతికి ఇచ్చి ఊరుకోకండి. 'బయటికి పోతే డిపార్ట్‌మెంట్ పరువు పోతుందమ్మా' అన్న మాట పుట్టేది ఆ గదిలోనే. వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్ఓడీ ఐసీసీలో సభ్యులుగా ఉండకూడదని నిబంధనే చెబుతోంది. అధ్యక్షురాలు మహిళా ప్రొఫెసర్ అయి ఉండాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుండాలి, ఎన్జీవో తరఫున బయటి వ్యక్తి ఒకరుండాలి. విద్యార్థులకు సంబంధించిన కేసైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. బయటి సభ్యుడు లేని కమిటీ ఇచ్చిన నివేదికను తర్వాత కోర్టులో తప్పుపట్టడం తేలిక. కాబట్టి సభ్యుల జాబితా ముందే అడిగి తీసుకోండి.

ఇక కాగితం. 'ఆయన చాలా కాలంగా ఇబ్బంది పెడుతున్నారు' అని రాస్తే విచారించడానికి పట్టు దొరకదు. ఒక్కో ఘటనకు ఒక్కో పేరా కేటాయించి తేదీ, సమయం, చోటు, అన్న మాట, చేసిన పని, దగ్గరున్నవాళ్లు, ఆ తర్వాత జరిగింది రాయండి. ఉదాహరణకు: 'ఫిబ్రవరి 12, రాత్రి 11.20. సార్ వాట్సాప్‌లో నా ఫొటో పంపమన్నారు. నేను జవాబివ్వలేదు. మర్నాడు ఉదయం నా ఫెలోషిప్ బిల్లు మీద సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు.' ఈ నాలుగు వాక్యాల్లో బలమైనది చివరిది. మెసేజ్‌ను సరదా అని కొట్టిపారేయవచ్చు గానీ ఆపిన సంతకానికి ఆయన కారణం చెప్పుకోవాలి. అన్న మాటలు బూతులైనా సరే, ఉన్నవి ఉన్నట్టే రాయండి. 'అసభ్యంగా మాట్లాడారు' అంటే కమిటీకి ఏమీ తెలియదు.

స్క్రీన్‌షాట్‌లో పేరొక్కటే కనిపిస్తే చాలదు, నంబరూ తేదీ కూడా పడాలి. పేరు ఎవరైనా మార్చి సేవ్ చేసుకోవచ్చు. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే అవి మాయం కాకముందే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. కోపంలో చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది అమ్మేయకండి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింది రూల్స్ ప్రకారం ఫిర్యాదు ఆరు ప్రతులు ఇవ్వాలి, ఆధారాలూ సాక్షుల పేర్లూ చిరునామాలూ జతచేయాలి. మీ దగ్గరుండే ప్రతి మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. అదే రోజు మెయిల్‌లో కూడా పంపితే 'మాకు అందలేదు' అనే వీలుండదు.

గైడ్ చేతిలో భవిష్యత్తు ఉందన్న భయానికి విరుగుడు మధ్యంతర రక్షణ. ఎవరో చెబుతారని ఆగకుండా ఫిర్యాదులోనే అడగండి: విచారణ ముగిసేదాకా ఆయన నా పని మీద నివేదిక ఇవ్వకూడదు, నా పరీక్షలు దిద్దకూడదు, నాకు దూరంగా ఉండాలి. అవసరమైతే మూడు నెలల వరకు సెలవు కూడా అడగవచ్చు.

ఆ తర్వాత ఏడు రోజుల్లో ఫిర్యాదు ప్రతి అవతలివారికి వెళ్లాలి, వారు పది రోజుల్లో జవాబివ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఇరువైపులా లాయర్లను తెచ్చుకోకూడదు. రాజీ అన్నది మీరు కోరితేనే, అందులోనూ డబ్బు ప్రసక్తి ఉండకూడదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన మీ ఫిర్యాదు అబద్ధమని శిక్షించడానికి వీల్లేదు. ఆ బెదిరింపు తరచూ వినిపిస్తుంది, ఖాతరు చేయకండి. నివేదిక నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

కమిటీలో కూర్చునేవాళ్లకూ ఒక మాట. ఇద్దరినీ ఒకే వరండాలో ఎదురెదురుగా కూర్చోబెట్టి పిలవకండి, వేర్వేరు సమయాలివ్వండి. సమన్లు డిపార్ట్‌మెంట్ ఆఫీసు ద్వారా పంపితే సాయంత్రానికల్లా క్యాంటీన్‌లో పేరు తెలిసిపోతుంది. పేరు బయటపెట్టడం చట్టరీత్యా నిషిద్ధం.

ఐసీసీకి ఇచ్చినా పోలీసులకు వెళ్లే హక్కు అలాగే ఉంటుంది. బాధితురాలు ఎస్సీ, ఎస్టీ అయి కులం పేరుతో దూషణ కూడా జరిగితే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు వారికే ఇవ్వాలి. ఫస్టియర్ పిల్లల్లో 18 నిండనివాళ్లు కొందరుంటారు. అప్పుడు పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం వర్తిస్తుంది, విషయం తెలిసిన అధ్యాపకులు పోలీసులకు చెప్పి తీరాలి, కమిటీ నివేదిక కోసం ఆగకూడదు.